భూమిలో దాగిన చేయి

కర్నూలు పాతబస్తీలోని మా ఇంటి వంటగది అటకమీద ఒక పాత రేకు డబ్బా ఉన్నది. మూతమీది బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. మా అమ్మీ తన మూలికలన్నిటినీ అందులోనే దాచుకుంటారు. గోందు, సొంఠి, పిప్పళ్ళు, వాము, వీటన్నిటికీ అడుగున మల్లుగుడ్డలో కట్టిన ఒక చిన్న మూట. ఆ మూటలో రాయివలె గట్టిపడిన మూడు ఎండు దుంపలు. రెండు గుండ్రనివి. మూడవదానికి మాత్రం పసిబిడ్డ చేతివలె వ్రేళ్ళు ఉన్నాయి. మా పిల్లలు చిన్నతనంలో దానిని ముట్టుకోవటానికి భయపడేవారు. దాని పేరు సాలబ్ పంజా.

మా కుటుంబంలో ఆడపిల్ల ప్రసవించినప్పుడు బాలింతకు అచ్వానీ చేసి పెట్టటం ఆనవాయితీ. నెయ్యి, గోందు, వాము, ఎండుఫలాలు అన్నీ పడినా, ఆ దుంపను అరగదీసిన పొడి చిటికెడు పడితేగాని అది అచ్వానీ కాదని అమ్మీ నమ్మకం. మా ముగ్గురు పిల్లల పురుళ్ళలోనూ ఆ పొడి పడింది. మా పెద్దమ్మాయికి ఏడవ నెల నడుస్తుండగా, శ్రీనగర్‌లో చదువుకుంటున్న మా అబ్బాయిని చూచి రావటానికి మేము బయలుదేరాము. రైలెక్కే ముందురోజు రాత్రి అమ్మీ డబ్బా దింపించి, మూట విప్పి, ఆ వ్రేళ్ళ దుంపను మా అరచేతిలో పెట్టారు.

"కాశ్మీరు పోతున్నారుగా బేటా, ఇలాంటివి ఓ అయిదారు తీసుకురండి. ఇక్కడి అంగట్లో దొరికేదంతా నకిలీ సరుకు. బిడ్డ పుట్టే వేళకు ఇంట్లో అసలైనది ఉండాలి" అన్నారు.

ఆమెకు 82 సంవత్సరాలు. గత పదేళ్ళలో ఆమె మమ్మల్ని ఏదైనా తెమ్మని నోరు తెరచి అడిగిన జ్ఞాపకం మాకు లేదు. తప్పక తెస్తామని మాట ఇచ్చాము.

నకిలీ అన్న మాట ఆమె ఊరికే అనలేదు. యునానీ వైద్యంలో సాలబ్ పేరుతో రెండు రకాల దుంపలు వాడుకలో ఉన్నాయి. గుండ్రనిది సాలబ్ మిశ్రీ, వ్రేళ్ళు ఉన్నది సాలబ్ పంజా. అరబీలో సఅలబ్ అంటే నక్క. ఆ మాట నుండే మన సాలబ్, టర్కీవారి సలెప్ వచ్చాయి. రెండూ ఆర్కిడ్ జాతి మొక్కల దుంపలే అయినా, అంగళ్ళలో వాటి స్థానంలో ఇంకేవేవో దుంపలు చేరుతుంటాయి. మా వీధి చివర మూలికలమ్మే పెద్దాయన నిజాయితీపరుడు కనుక, "పొడి చేసినది మాత్రం ఎవరి దగ్గరా కొనకండి. చేయి ఆకారం కళ్ళతో చూస్తేనే కొనండి" అని తన సరుకునే కొనవద్దని చెప్పి పంపారు.

ఆర్కిడ్ అనగానే మనకు గుర్తుకు వచ్చేవి పెండ్లి వేదికల అలంకరణలో కనిపించే ఊదా పూలు. అవి తోటలలో పెంచినవి. మన నల్లమల అడవులలోనూ, పాత మామిడి తోటలలోనూ కొమ్మలను అంటిపెట్టుకుని పెరిగే బదనికలలో కొన్ని ఈ కుటుంబానివే. సాలబ్ పంజా అలా చెట్టుమీద బ్రతికేది కాదు, నేలలో పాతుకునేది. అదీ ఏ నేలలోనైనా కాదు. హిమాలయాలలో సుమారు 2,500 మీటర్ల నుండి 5,000 మీటర్ల ఎత్తువరకు, మంచు కరిగిన నీరు వేసవి అంతా ఊరుతూ ఉండే పచ్చికలలోనే పెరుగుతుంది. పాకిస్తాన్ పర్వత ప్రాంతాల నుండి కాశ్మీరు, లడాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్, నేపాల్, సిక్కిం, భూటాన్, టిబెట్ వరకు దాని నివాసం విస్తరించి ఉన్నది. పటంమీద చూస్తే చాలా పెద్ద ప్రదేశం. నేలమీద చూస్తే అక్కడొక మూర, ఇక్కడొక జానెడు. ఇది మాకు తరువాత తెలిసింది.

శ్రీనగర్‌లో నాలుగు రోజులు అబ్బాయితో గడిపి, సోనామార్గ్ వెళ్ళాము. 2,700 మీటర్లు దాటిన ఎత్తు, దేవదారు చెట్ల వాలు, పైన థాజివాస్ హిమానీనదం తెల్లగా మెరుస్తూ ఉన్నది. యాత్రికుల రద్దీ ఎక్కువ. గుర్రాల డెక్కలకు పచ్చిక నలిగి దారి పొడవునా బురద అయింది. మాకోసం గుర్రం పట్టుకుని నడచిన యువకుడు, మేము సాలబ్ పంజా మాట ఎత్తగానే అటూ ఇటూ చూసి, ఫెరన్ లోపలి నుండి ఒక గుడ్డ సంచి తీశాడు. లోపల చేతులు ఉన్నాయి. మట్టి ఇంకా పూర్తిగా వదలనివి, పసుపు తిరిగిన తెల్లని చిన్న చిన్న చేతులు. మూడు వ్రేళ్ళవి కొన్ని, నాలుగు వ్రేళ్ళవి కొన్ని.

నిజం చెప్పాలంటే మా ప్రాణం లేచి వచ్చింది. అమ్మీ పని అంత సులభంగా అయిపోతుందనుకోలేదు. అయితే తడి సరుకు దారిలో బూజు పడుతుందేమోనన్న అనుమానంతో, "కార్గిల్ వెళ్ళి నాలుగు రోజులలో ఈ దారినే వస్తాము. అప్పటికి ఎండబెట్టి ఉంచు, తీసుకుంటాము" అని చెప్పాము. అతడు సరేనన్నాడు. మేము ఆరోజు కొనకపోవటానికి బూజు భయం తప్ప వేరే కారణమేదీ లేదు. ఈ సంగతి దాచుకోవటం మాకు ఇష్టం లేదు.

కార్గిల్ ప్రయాణం మా అబ్బాయి పుణ్యం. వాడి తోటి విద్యార్థి తండ్రి సురూ లోయలో పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. తమ ఇంటికి రావలసిందేనని ఆయన ఫోనులో పట్టుబట్టారు. సోనామార్గ్ దాటగానే దారి కొండ గుండెను గీరుకుంటూ జోజిలా కనుమకు ఎక్కుతుంది. 3,528 మీటర్ల ఆ కనుమ శీతాకాలమంతా మంచుతో నిండి ఉంటుంది. కనుమకు ఇవతల చెట్లు, పొగమంచు, తడిగాలి. అవతలికి దిగగానే చెట్లన్నవి మాయమవుతాయి. కొండలు బూడిద రంగులోకి, ఇటుక రంగులోకి మారిపోతాయి. వర్షాన్ని తెచ్చే మేఘాలను ఈ పర్వత శ్రేణి ఇవతలనే ఆపివేయటం వల్ల అవతలి నేల చల్లని ఎడారి అయింది. చలికి పేరుపడిన ద్రాస్ మీదుగా సాయంత్రానికి కార్గిల్ చేరి, మరునాడు ఉదయం సురూ నది వెంబడి దక్షిణంగా వెళ్ళాము.

ఈ లోయను గురించి మన ప్రాంతంలో తెలిసినవారు తక్కువ. ఇక్కడి ప్రజలలో అత్యధికులు ముస్లిములు. మాట్లాడే పుర్గి భాష మాత్రం టిబెట్ భాషల కుటుంబానిది. అల్లాహ్ పేరుతో మొదలయ్యే సంభాషణలో తరువాతి పదమే బౌద్ధ లామా నోటి పదంవలె వినిపిస్తుంటే మా చెవులకు కొత్తగా ఉండేది. మిగతా లడాఖ్‌తో పోలిస్తే ఇక్కడ మంచు ఎక్కువగా కురుస్తుంది, కనుక పచ్చదనమూ ఎక్కువే. నదికి ఇరువైపులా బార్లీ, బఠానీ చేలు, వాటి గట్లమీద విల్లో, పోప్లార్ చెట్ల వరుసలు. లోయ పైభాగానికి పోయేకొద్దీ 7,000 మీటర్లు మించిన నున్, కున్ శిఖరాలు ఆకాశంలో నిలబడి ఉంటాయి.

మాస్టర్ సాహెబ్ గ్రామం సాంకూ దాటిన తరువాత వస్తుంది, కార్గిల్ నుండి 40 కిలోమీటర్లకు పైగా. వాకిటిలో ఒక ఖుబానీ చెట్టు, ఇంకా పచ్చిగా ఉన్న కాయలతో. హైదరాబాదు పెండ్లిళ్ళలో, మన రాయలసీమ విందులలో ఖుబానీ కా మీఠా ఎన్నిసార్లు తిన్నామో లెక్కలేదు. ఆ చెట్టును చూడటం మాత్రం ఇదే మొదటిసారి. ఆ మాట అంటే మాస్టర్ సాహెబ్ నవ్వారు. ఉప్పు వేసిన వెన్న తేనీరు, మందపాటి రొట్టెలు వచ్చాయి. ఆ తేనీరు మొదటి గుటక కష్టమే. రెండవ కప్పుకు అలవాటైంది.

మాటల మధ్య అమ్మీ కోరిక చెప్పాము. ఆయన కప్పు క్రింద పెట్టి, "మీకు కావలసినది మందా, మొక్కా? మొక్కనైతే జొహర్ తరువాత చూపిస్తాను" అన్నారు.

ఊరి చివర చేలు ముగిసినచోట, రాతి కొండ పాదం వద్ద ఒక ఊట ఉన్నది. ఆ ఊట నుండి చిన్న చిన్న పాయలు పారి, నదిలో కలిసే లోపల కొన్ని ఎకరాల నేలను తడుపుతున్నాయి. కాలు పెడితే నేల మెత్తగా దిగి, మడమ చుట్టూ నీరు చేరుతున్నది. మోకాలెత్తు గడ్డి, తుంగ, మధ్యలో పసుపు రంగు పూలు. దూరంగా రెండు జోలు, అంటే యాక్‌కూ ఆవుకూ పుట్టిన పశువులు, మేస్తున్నాయి. మొదట మాకేమీ కనిపించలేదు. మాస్టర్ సాహెబ్ చేతికర్రతో చూపించిన తరువాత ఒకటి కనిపించింది. ఒకటి కనిపించాక ఇంకొకటి. కన్ను అలవాటు పడటానికి కొంత సమయం పట్టింది.

గడ్డిలో నుండి ఒక్కటే నిలువు కాడ, మూరెడుకు కొద్దిగా మించి. ఈటె మొన వంటి నాలుగైదు ఆకులు కాడను క్రిందినుండి కౌగలించుకుని పైకి పోతున్నాయి. వాటి పైన గుత్తంగా పేర్చినట్లు పూలు, గులాబీకీ ఊదాకూ నడుమ రంగు. ఒక్కొక్క పువ్వు చిటికెన వ్రేలి గోరంత. దగ్గరగా వంగి చూస్తే ముందుకు చాచిన క్రింది రేకుమీద ముదురు రంగు చుక్కలు, గీతలు, ఎవరో సన్నని కలంతో వ్రాసినట్లున్నాయి. పువ్వు వెనుక క్రిందికి వంగిన చిన్న తిత్తి. ప్రతి పువ్వు క్రిందా ఒక సన్నని ఆకు ఆసరా పట్టినట్లు నిలిచి ఉన్నది. క్రింది వరుసలో ఈ ఆకులు పూలకంటె పొడవు. దీనినే శాస్త్రజ్ఞులు డాక్టిలోరైజా హటాగిరియా అంటారు.

ఒక నూగు తుమ్మెద వచ్చి క్రింది పువ్వుమీద వాలింది. తల లోపలికి దూర్చింది, పైపువ్వుకు ఎగిరింది, మూడవదానికి పోయింది, అంతలోనే మరో పూల జాతివైపు వెళ్ళిపోయింది. ఆ తిత్తిలో మకరందం ఉండదు. ఈ వర్గం ఆర్కిడ్లు తుమ్మెదకు ఏమీ ఇవ్వవు. ఇస్తున్నట్లు కనిపిస్తాయి, అంతే. తేనె ఉన్నదన్న ఆశతో తల దూర్చినప్పుడు పుప్పొడి ముద్దలు జిగురుతో దాని తలకు అంటుకుంటాయి, తరువాతి పువ్వుకు చేరుతాయి. రెండు మూడు పూలు చూసి మోసపోయిన తుమ్మెద మళ్ళీ రాదు. అందుచేత ఇలాంటి మొక్కలలో కాయలుగా మారే పూలు తక్కువ. మొక్క పుట్టుకలోనే ఇంత లోభమెందుకో సృష్టికర్తకే ఎరుక.

కాయ పట్టిన తరువాత కథ ఇంకా చిత్రమైనది. ఒక్కొక్క కాయలో ధూళివంటి గింజలు వేలకొలది ఉంటాయి. గోధుమగింజలోనో శనగగింజలోనో మొలకకు కావలసిన ఆహారం మూటకట్టి ఉంటుంది కదా. ఆర్కిడ్ గింజకు ఆ మూట లేదు. నేలలో ఉండే ఒక రకం బూజు దానిని అల్లుకుని పోషించినప్పుడే అది మొలకెత్తుతుంది. సరైన తేమ, సరైన బూజు, నలగని నేల, ఈ మూడూ కుదిరినచోట పడిన గింజ మాత్రమే బ్రతుకుతుంది. బ్రతికినదైనా పువ్వు పూయటానికి సంవత్సరాలు పడుతుంది. పరిశోధనాలయాలలో గాజు సీసాలలో ఈ గింజలను మొలకెత్తించగలిగారు. సీసాలోని మొలకను తెచ్చి ఇలాంటి ఊటనేలలో నిలబెట్టటం వేరే పని.

"దుంప ఎలా ఉంటుందో మొక్కను పెకలించకుండా చూడగలమా?" అని అడిగాము.

ఆయన మమ్మల్ని ఒక పాయ అంచుకు తీసుకువెళ్ళారు. ఆ వేసవి మంచునీటి ఉధృతికి గట్టు కోసుకుపోయి, ఒక మొక్క ప్రక్కభాగం బయటపడి ఉన్నది. పువ్వు నిటారుగానే ఉన్నది. కాడ మొదట్లో మట్టి లేదు. అక్కడ ఒకటి కాదు, రెండు చేతులు వ్రేలాడుతున్నాయి. ఒకటి ముడతలు పడి, నల్లబడి, నొక్కితే లోపల ఏమీ లేనట్లు మెత్తబడినది. రెండవది తెల్లగా, గట్టిగా, వ్రేళ్ళు చాచి ఉన్నది.

"ఈ నల్లది పోయిన సంవత్సరపు చేయి" అన్నారు మాస్టర్ సాహెబ్. "ఈ కాడను, ఈ ఆకులను, ఈ పువ్వును లేపినది ఇదే. తనలో ఉన్నదంతా ఇచ్చివేసింది. ఈ తెల్లది వచ్చే సంవత్సరానిది. ఈ ఆకులు ఇప్పుడు సంపాదిస్తున్నదంతా దానిలోకి పోతున్నది. త్రవ్వేవాళ్ళకు నల్లదానితో పనిలేదు, దానిని అక్కడే పారవేస్తారు. తెల్లదానినే తీసుకుంటారు."

అంటే త్రవ్విన మొక్కకు వచ్చే సంవత్సరం లేదు. పూత సమయంలోనే త్రవ్వుతారు, ఎందుకంటే గడ్డిలో మొక్కను గుర్తుపట్టగలిగేది అప్పుడే. కనుక గింజ కూడా రాలదు. సోనామార్గ్ సంచిలోని చేతులు మా కళ్ళముందు మెదిలాయి. అమ్మీ మూటలోని చేయి కూడా.

మాస్టర్ సాహెబ్ చెప్పులు విడిచి నీటిలోకి దిగి, రెండు చేతులతో బురద తీసి ఆ వేళ్ళమీద మెత్తారు. రెండు చదునైన రాళ్ళు తెచ్చి ఆనుకునేటట్లు పెట్టారు. మేము కూడా మరి నాలుగు రాళ్ళు అందించాము. అంతకుమించి మేము చేసినదేమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన పేర్ల సంగతి చెప్పారు. వారి భాషలో లక్పా అంటే చేయి. లడాఖ్ అంతటా ఈ మొక్క పేరులో ఆ మాట ఉన్నది. నేపాలీలు దీనిని పాంచ్ఔంలే, అంటే అయిదువ్రేళ్ళది అంటారు. గఢ్‌వాల్, కుమావూఁ కొండలలో హత్థాజడీ, చేయివేరు. 1825లో డేవిడ్ డాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నేపాల్ మొక్కలను గురించిన తన గ్రంథంలో దీనికి హటాగిరియా అన్న పేరు పెట్టినప్పుడు, ఆ స్థానిక నామాన్నే లాటిన్ వేషంలోకి మార్చాడు. తరువాత చేర్చిన డాక్టిలోరైజా అన్న గ్రీకు మాటకు అర్థం కూడా వ్రేళ్ళవేరు. మన యునానీవారికి పంజా. ఇన్ని భాషలలో ఇన్ని పేర్లు పెట్టిన మనుష్యులలో ఒక్కరు కూడా దానిని పువ్వు పేరుతో పిలవలేదు. పెకలించిన తరువాత చేతికి వచ్చేదానినే అందరూ చూశారు. మేమూ అంతే. ముగ్గురు పిల్లల పురుళ్ళు గడిచినా, ఆ దుంపకు పైన ఒక పువ్వు ఉంటుందన్న ఊహ అయినా మాకు ఎన్నడూ కలగలేదు.

ఆ రాత్రి భోజనాల వద్ద సంభాషణ దీనిమీదనే సాగింది. తమ చిన్నతనంలో ఇంటి పెద్దలు గాయానికి ఈ దుంప గుజ్జు కట్టేవారని మాస్టర్ సాహెబ్ భార్య చెప్పారు. "అవసరానికి ఒకటి తీసేవారు, అదీ పొరుగువారిని అడిగి. సంచులు తీసుకుని వచ్చేవారు ఎవరూ ఉండేవారు కాదు" అన్నారామె. ఇక్కడ పచ్చిక ప్రతి ఇంటికీ ప్రాణం. ఎడారి మధ్యన ఊట తడిపే ఆ కాస్త నేలలోనే పశువుల మేత, శీతాకాలానికి కోసి దాచుకునే ఎండుగడ్డి, కొత్తగా ఇల్లు కట్టుకునేవారి స్థలం, అన్నీ కుదరాలి. ఆర్కిడ్‌కు కావలసినది కూడా అదే నేల. త్రవ్వేవాడు ఒక్కడే దానికి శత్రువు కాడు. అతిగా మేపినా, ఊటను మళ్ళించి నేలను ఆరబెట్టినా, అది ఎవరికీ తెలియకుండానే వెళ్ళిపోతుంది.

చట్టాలు లేకపోలేదు. జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం పరిధిలో ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఉన్నది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ఒప్పందంలోని జాతులను తన పరిధిలోకి తెచ్చుకున్నది. నేపాల్ ప్రభుత్వం ఈ మొక్కను సేకరించటాన్నీ, అమ్మటాన్నీ నిషేధించింది. హిమాలయ ఓషధుల స్థితిని పరిశీలించిన నిపుణులు దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు. అయినా సంచులు కొండ దిగుతూనే ఉన్నాయి. ఎందుకంటే కొండ క్రింద కొనేవారు ఉన్నారు. మేమూ వారిలోని వాళ్ళమే.

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. టర్కీలో శీతాకాలపు సాయంత్రాలలో వేడిపాలలో కలుపుకుని త్రాగే సలెప్, మరాష్ పట్టణపు సాగే ఐస్‌క్రీము, ఈ రెండూ అడవి ఆర్కిడ్ దుంపల పొడితో చేసేవే. ఆ దుంపలలోని గ్లూకోమన్నాన్ అనే పదార్థం పాలను చిక్కగా, జిగురుగా చేస్తుంది. ఒక కిలో పొడికి 1,000 నుండి 4,000 దుంపలు కావాలి. టర్కీ తన ఆర్కిడ్ పొడి ఎగుమతిని నిషేధించింది. తరువాత ఇరాన్ కొండలలో త్రవ్వకాలు పెరిగాయి. ఒకచోట తలుపు మూస్తే వ్యాపారం ఇంకొక తలుపు తట్టింది.

నాలుగవ రోజు మేము సోనామార్గ్ తిరిగి వచ్చాము. ఆ యువకుడు మాట నిలబెట్టుకున్నాడు. ఎండబెట్టి, ఒక్కొక్కటీ తుడిచి, కాగితంలో చుట్టి ఉంచాడు. కాగితం విప్పి గుర్రపు జీనుమీద పరచాడు. లెక్కపెట్టాము. 17 ఉన్నాయి. ఆ 17 కాడలు, ఆ చుక్కల పూలు ఏ వాలుమీద ఉండేవో మనసులో చూచుకోవటానికి ఇప్పుడు మాకు ఊహ అవసరం లేకపోయింది.

"తీసుకోము" అని చెప్పటం అనుకున్నంత సులభం కాలేదు. మేమే ఎండబెట్టమన్నాము. అతని ముఖం వాడిపోయింది.

"నకిలీ అనుకుంటున్నారా సాహెబ్? ఖుదా సాక్షిగా అసలైనవి" అన్నాడు.

"అసలైనవే బాబూ. అందుకే" అన్నాము. అతనికి అర్థం కాలేదు. విడమరచి చెప్పాము. శ్రద్ధగానే విన్నాడు. విని, "మీరు తీసుకోకపోతే సాయంత్రానికి మరొకరు తీసుకుంటారు. ఇవి మళ్ళీ నేలలో మొలవవు కదా" అన్నాడు.

దానికి మా వద్ద జవాబు లేదు. అతని ఇంట్లో ఆరుగురు, గుర్రాల పని సంవత్సరంలో కొన్ని నెలలే. ఆకలికి పర్యావరణ పాఠం చెప్పే అర్హత, చేతిలో రైలు టిక్కెట్లు ఉన్న మావంటి వారికి ఎంత ఉన్నదో మాకు తెలియదు. ఆ రోజంతా అతని గుర్రంమీదనే తిరిగాము. అంత తిరగవలసిన అవసరం మాకు లేదు. సాయంత్రం సెలవు తీసుకునేటప్పుడు అతడు సలాం చెప్పాడు గానీ, సంచి మాత్రం మళ్ళీ ఫెరన్‌లోకే వెళ్ళింది.

దారి పొడవునా మాకు ఒకటే ఆలోచన, అమ్మీకి ఏమని చెప్పాలి? శ్రీనగర్‌లో కుంకుమపువ్వు, అక్రోట్లు కొన్నాము. అవి ఆమె అడిగినవి కావని మాకు తెలుసు.

ఇంటికి చేరిన రాత్రి ఆమె మా సంచులవైపు చూసి ఏమీ అడగలేదు. ఇషా నమాజు ముగించుకుని, చాపమీదనే కూర్చుని, "దొరకలేదా?" అన్నారు.

"దొరికింది అమ్మీ. తేలేదు" అన్నాము.

ఆమె ముఖంలో కష్టం కనిపించింది. మాట ఇచ్చి తప్పారన్న కష్టం. ఆమె దానిని దాచుకోలేదు, మేమూ తప్పించుకోలేదు. ఫోనులో తీసిన ఫోటోలు చూపించాము. ముందు పువ్వు చూపించాము. ఆమె కళ్ళద్దాలు తెప్పించుకున్నారు. "ఇది దేని పువ్వు?" అన్నారు. చెప్పాము. నమ్మలేదు. అప్పుడు కోసుకుపోయిన గట్టు ఫోటో చూపించాము. పైన పువ్వు, క్రింద రెండు చేతులు. చాలాసేపు చూశారు. వ్రేలితో ఆ నల్లని చేతిమీద తాకారు. తెర కదిలి ఫోటో పెద్దదైంది. ఆమె ఉలిక్కిపడి వ్రేలు వెనక్కు తీసుకున్నారు.

"మన డబ్బాలో ఉన్నది ఏది? నల్లదా, తెల్లదా?"

"తెల్లది, అమ్మీ."

ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. మరునాడు కూడా ఆ ప్రసక్తి తేలేదు. మూడవ రోజు మధ్యాహ్నం, మా అమ్మాయి తలకు నూనె రాస్తూ, "నా మొదటి పురుడులో మా అత్తగారు ఇది వేయలేదు. అప్పుడు మా వద్ద డబ్బు లేదు. అచ్వానీ బాగానే కుదిరింది" అన్నారు. 60 సంవత్సరాలు దాటిన ఆ సంగతిని ఆమె నోట వినటం మాకు అదే మొదటిసారి.

సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. అచ్వానీ అమ్మీయే దగ్గరుండి చేయించారు. గోందు కొంచెం ఎక్కువ వేయించి, కాశ్మీరు అక్రోట్లు దంపించి వేశారు. రేకు డబ్బా మళ్ళీ అటక ఎక్కింది. మల్లుగుడ్డ మూట అందులోనే ఉన్నది.

శుభవార్త చెప్పటానికి మాస్టర్ సాహెబ్‌కు ఫోను చేశాము. దువా చేశారు. పేరేమి పెట్టారని అడిగారు. అక్కడ రాత్రులు అప్పుడే గడ్డకడుతున్నాయట, ఎండుగడ్డి కోతలు నడుస్తున్నాయట. ప్రక్కనుండి అమ్మీ, "ఆ రాళ్ళు పెట్టిన మొక్క ఉందో లేదో అడగండి" అన్నారు. అడిగాము. కాడ ఎండిందనీ, నాలుగు కాయలు పట్టి పగిలాయనీ, ఆ మూల గడ్డిని ఇంకా కోయలేదనీ ఆయన చెప్పారు.